రుచి చూడని అచ్చమ్మ

అచ్చమ్మ ఒక బస్సు డ్రైవరును గెలవడం నేను కళ్ళారా చూశాను. బాగన్ దాతుక్ నుంచి హుటాన్ మెలింటాంగ్ వచ్చే బస్సు అది. అప్పటికి మా ఇద్దరి జుట్టూ నల్లగానే ఉంది. ఎస్టేటు మలుపు దగ్గర అచ్చమ్మ కొబ్బరికాయల గోనెసంచిని ఈడ్చుకొచ్చి బస్సు మెట్టు మీద పెట్టింది. డ్రైవరు పకీరిసామి ఒంటికాలి మీద లేచాడు. ఇది బస్సా, కొబ్బరి లారీయా అని తమిళంలో అరిచాడు. సంచి దించితే గానీ బండి కదలదన్నాడు.

ఆవిడ స్థానంలో నేనుంటే వాడి మూడు తరాలను పిలిచి వరసగా నిలబెట్టి కడిగేదాన్ని. అచ్చమ్మ అలాంటిదేమీ చేయలేదు. మెట్టు మీదే చతికిలబడి, నడుము దగ్గర దోపుకున్న కత్తి తీసి, ఒక కాయ పగలగొట్టి ముక్కలు చేసింది.

"నాను దిగను, నువ్వు కదలవు. అందాకా జనం ఆకలితో ఉండాలేటి?" అంటూ ముందు సీటులోని మలయ్ ముసలాయనకు ఒక ముక్క ఇచ్చింది. తర్వాత బడి పిల్లలకు. తర్వాత చేపల బుట్టతో కూర్చున్న చైనా ఆవిడకు. రెండో కాయ పగిలేసరికి బస్సు బస్సంతా నములుతోంది. నోట్లో ఆవిడ కొబ్బరి పెట్టుకున్నవాళ్ళు డ్రైవరు పక్షం ఎలా మాట్లాడతారు? ఆఖరి ముక్క పకీరిసామి చేతిలోనే పెట్టింది.

"తిను తంబీ. అరిసి అరిసి గొంతు ఎండిపోనాది."

వాడు నవ్వేశాడు. సంచిని తనే లోపలికి లాగాడు. నా పక్కన కూర్చున్న మనిషి లేచి ఆవిడకు చోటిచ్చాడు. ఆవిడ నాకూ ఒక ముక్క చాపింది. పళ్ళు నొప్పి అని ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను. నా పళ్ళు ఈ రోజుకీ గట్టిగానే ఉన్నాయి.

అచ్చమ్మ అంటే అదీ. తిట్టి గెలిస్తే ఎదుటివాడు ఓడిపోయానని ఒప్పుకుంటాడు. పెట్టి గెలిస్తే వాడు ఓడిపోయి కూడా దణ్ణం పెడతాడు. ఆ రెండోది నాకు ఎప్పుడూ చేతకాలేదు. చేతకావాలని అనుకోలేదు కూడా.

ఆవిడ పుట్టింది బాగన్ దాతుక్ కొబ్బరి తోటలో. వాళ్ళ తాతా మా తాతా శ్రీకాకుళం వైపు నుంచి ఒకే ఓడలో మలయాకు వచ్చారని మా అత్త చెప్పేది. నా భర్త ఇంటిపేరూ ఆవిడ పుట్టింటివాళ్ళ ఇంటిపేరూ ఒకటే గనుక ఆయన ఆవిడకు అన్న వరస, నేను వదినను. చిన్నతనమంతా కొబ్బరి పీచు వలిచింది. కాంతయ్యను చేసుకుని హుటాన్ మెలింటాంగ్ వచ్చింది. అతను పడవల మీద పనిచేసేవాడు. అతను పోయాక ఊరి చివర తామాన్ కెలాపా అనే కాలనీలో, సగం ఇటుక సగం చెక్కతో కట్టిన ఇళ్ళ వరసలో ఒక్కతే ఉండిపోయింది. నా ఇల్లు అదే తామాన్‌లో, రోడ్డు వైపు వరస. పూర్తిగా ఇటుకే.

పెళ్ళయినా పేరంటమైనా మన తెలుగు సంఘం హాలులో వంట మా ఇద్దరిదే. కానీ మా ఇద్దరి పద్ధతీ ఒకటి కాదు. నేను గరిటతో రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని నాకి చూస్తాను. ఉప్పు చాలకపోతే చాలలేదంటాను. అచ్చమ్మ రుచి చూడదు. ఎన్నడూ చూడలేదు. మూత తీసి, ఆవిరి మీదికి ముఖం వంచి, కళ్ళు మూసుకుని గుండెల నిండా పీలుస్తుంది. "కొంచెం సింతపండు," అంటుంది, లేకపోతే "దించీండి," అంటుంది. అంతే.

"అమ్మోరికెట్టే కూడూ మనిసికెట్టే కూడూ ఒకటే వొదినా," అనేది. "పెట్టకముందే మనం నాకితే ఎంగిలి గాదేటి?"

అంటే నేను ఊరందరికీ ఎంగిలి పెడుతున్నట్టు! నలుగురిలో నవ్వుతూ అనేది. ఆ నలుగురూ నవ్వేవాళ్ళు. ఆవిడ ఆవిరి పీలుస్తుంటే కోడళ్ళంతా పని ఆపి గుడిలో హారతి చూస్తున్నట్టు చూసేవాళ్ళు. నేను అరచెయ్యి నాకుతుంటే మాత్రం ఎవరూ చూడరు.

ఒక్కటి మాత్రం నాది. ఏటేటా అమ్మవారి పండక్కి నైవేద్యం పరవాన్నం నేనే వండేదాన్ని. మా అత్త నుంచి నాకు వచ్చిన పని అది. నైవేద్యాన్ని ఎలాగూ ఎవరూ రుచి చూడకూడదు గనుక అక్కడ అచ్చమ్మ గొప్ప ఏమీ లేదు. బియ్యం ఉడికే వాసన, పాలు చిక్కబడే వాసన, బెల్లం పడ్డాక మారే వాసన నాకూ తెలుసు. ఆ ఒక్క రోజు గరిట నా చేతిలో ఉంటే అచ్చమ్మ అరిటాకులు తుడిచేది. ఏడాది మొత్తంలో నాకు ఆ రోజే పండగ.

ఈ ఏడు వానలు పడలేదు. తామాన్ వెనక పామాయిల్ తోటల అవతల ఉన్న నల్లనేల ఎండిపోయింది. ఆ నేల మట్టి కాదు, ఎన్నో ఏళ్ళుగా కుళ్ళిన ఆకులూ వేళ్ళే. ఎండితే బొగ్గుతో సమానం. ఎక్కడో అంటుకుంది. పైన మంట కనబడదు, కింద నేల రగులుతుంది. ఊరంతా పొగ కమ్మేసి, బడులు మూసేసి, అందరూ మూతులకు గుడ్డలు కట్టుకుని తిరిగారు. మంటలార్పే బోంబా వాళ్ళు గొట్టాలు పెట్టి నేలలోకి నీళ్ళు వదులుతూనే ఉన్నారు. ఒక మధ్యాహ్నం గాలి తిరిగింది. వెనక వరస ఇళ్ళకు అంటుకుంది. చెక్క ఇళ్ళు కదా, అగ్గిపెట్టెల్లా పోయాయి. అమ్మవారి గుడి వరస చివరనే ఉన్నా దానికి సెగ కూడా తగల్లేదు.

మనుషులెవరూ పోలేదు. పోవలసింది మీనాచ్చి ముసలమ్మ. మంచం దిగలేని మనిషి. బయటికి వచ్చేసిన అచ్చమ్మ, తడిపిన గోనెపట్టా కప్పుకుని మళ్ళీ ఆ పొగలోకి వెళ్ళి, ఆవిడను వీపున వేసుకుని తెచ్చింది. ఊరంతా అదే మాట. నేను కూడా ఆ మధ్యాహ్నం నా వాకిట్లో గొట్టం పట్టుకుని రోడ్డంతా తడిపాను. దాని గురించి ఎవరైనా మాట్లాడారా?

ఇళ్ళు పోయినవాళ్ళందరికీ సంఘం హాలు తెరిచారు. తెలుగువాళ్ళు, తమిళులు, మలయ్‌వాళ్ళు అందరూ అక్కడే. మసీదు వాళ్ళు పరుపులు పంపారు. హార్డ్‌వేర్ కొట్టు చైనా ఆయన రేకులు ఇస్తానన్నాడు. ప్రతి శనివారం గోతొంగ్ రొయొంగ్ పెట్టారు, అంటే ఊరంతా కలిసి తలా ఒక చెయ్యి వేసే పని. కాలిన చెక్కలు తీసేవాళ్ళు, సిమెంటు కలిపేవాళ్ళు, పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్ళు. ఇళ్ళు కాలిన మర్నాడు పొద్దున నేను పెద్ద క్యారేజీ నిండా ఉప్మా, కొబ్బరి పచ్చడి చేసుకుని హాలుకు వెళ్ళాను. పాపం కాలినవాళ్ళు ఆకలితో ఉంటారు, నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు అనుకున్నాను. వెళ్ళేసరికి అందరూ తింటున్నారు. ఇల్లు కాలిన అచ్చమ్మే, జుట్టులో బూడిద కూడా దులుపుకోకుండా, హాలు వెనక పొయ్యి వెలిగించి గంజీ, వేపుడూ చేసేసింది.

"రా వొదినా, నువ్వూ ఇంత తిను," అంది నాతో.

నా క్యారేజీ మూత తీయకుండానే ఇంటికి తెచ్చుకున్నాను. ఆ ఉప్మా నేనొక్కదాన్నే రెండు రోజులు తిన్నాను.

అప్పటి నుంచి హాలు వంట ఆవిడదే అయిపోయింది. నేను రోజూ వెళ్ళేదాన్ని, వెళ్ళకపోతే కుళ్ళుకుంటోందంటారని. ఆవిడ మూత తీసి ఆవిరి పీల్చేది, జనం చూసేవాళ్ళు, నేను ఉల్లిపాయలు తరిగేదాన్ని. కళ్ళనీళ్ళు వస్తే ఉల్లిపాయల మీద పెట్టేయొచ్చు గదా.

రేకులు పడ్డాయి, గోడలు లేచాయి. గృహప్రవేశాలన్నీ ఒకే రోజు పెట్టుకుందామని, అమ్మవారికి నైవేద్యం పెట్టి అందరూ కూర్చుని తినాలని అనుకున్నారు. సంఘం పెద్ద తాతబాబు ఉల్లిపాయల దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"శాంతక్కా, ఈపాలికి పరవాన్నం అచ్చమ్మక్క సేస్తాది. కమిటీ మాట. ఇల్లు కాలినోల సేత్తో వండితే అమ్మోరికి ఇష్టం గదా."

"అయితే నా ఇల్లు కూడా కాలిపోవాలేటి తాతబాబూ?" అన్నాను.

"పేరుకి శాంతాదేవి," అని వెనక నుంచి ఎవరో గొణిగారు. తాతబాబు చెప్పులు చూసుకుంటూ వెళ్ళిపోయాడు. మా అత్త చేతి నుంచి నా చేతికి వచ్చిన గరిట అలా పోయింది. ఆవిడకిచ్చిన పని ఆవిడ వల్ల కాదని ఊరికి తెలిసేదాకా నాకు నిద్ర పట్టదని ఆ రోజే అనుకున్నాను.

ఆ తర్వాతి శనివారం పులుసు రోజు. గుమ్మడికాయ పులుసు, పెద్ద అండాలో. సిమెంటు పని చేసేవాళ్ళంతా తినడానికి వస్తారు. మలయ్ ఆవిడ రోస్నా రోజూ వచ్చి కూరలు తరిగిపెట్టేది. ఆవిడ ఇల్లు కూడా కాలిందే. అచ్చమ్మ ఒక చేత్తో అన్నం వారుస్తూ, ఇంకో వైపు తిరిగి మలయ్‌లో కేకేసింది.

"కాక్! అంబిల్ కారం! లెకాస్ లా!"

అక్కా, కారం తీసుకో, బేగి, అని దాని అర్థం; చివర లా అనేది ఇక్కడ అందరి మాటలకూ ఉండే తోక. మాటలన్నీ మలయ్‌వే, మధ్యలో కారం మాత్రం తెలుగు. నాలిక జారింది. మలయ్‌లో గారం అంటే ఉప్పు. రోస్నా పాపం ఉప్పు పొట్లాలు తీసింది.

"బెరాపా?" ఎంత అని అడిగింది.

"సెమువా!" మొత్తం అంది అచ్చమ్మ, వెనక్కి చూడకుండానే.

రోస్నా రెండు పొట్లాలూ చింపి గుమ్మరించింది. అచ్చమ్మ అన్నం దింపి వచ్చి, పులుసు కలియబెట్టి మూత పెట్టింది. టమాటాలు పడ్డాయి గనుక పులుసు ఎర్రగానే ఉంది. కాసేపటికి మూత తీసి, ముఖం వంచి, కళ్ళు మూసుకుని పీల్చింది. కోడళ్ళంతా చూస్తున్నారు.

"సరిపోనాది. దించీండి."

ఆవిరి నా వైపు కూడా వచ్చింది. చింతపండు ఉంది, ఇంగువ ఉంది, గుమ్మడి తీపి ఉంది. కారం లేదు. అంత అండాలో కారం పడితే హాలు హాలంతా దగ్గాలి. ఒక్కరికీ దగ్గు రాలేదు.

"ఏటే అచ్చమ్మా, ఇందులో కారమేదే?" అని అరిచాను. అందరికీ వినబడాలనే అరిచాను.

తాతబాబు భార్య అంబిగ గరిట ముంచి నాలికకు తగిలించుకుంది. "అమ్మాడియో! ఉప్పు సముద్రం!" అని ఉమ్మేసింది. రోస్నా ముఖం తెల్లబోయింది. ఇప్పుడు చూడండి మీ హారతి అనుకున్నాను. అచ్చమ్మ నా వైపు చూసింది. ఒక్క క్షణం. ఆవిడ కళ్ళలో ఎన్నడూ లేని బెదురు కనబడింది నాకు. ఆ వెంటనే నవ్వేసి, ఏడవబోతున్న రోస్నాను దగ్గరికి తీసుకుంది.

"నీ తప్పేటీ నేదు కాక్. నా నాలిక మలయ్‌లో ఎక్కి తెలుగులో దిగిపోనాది."

పక్కనున్న కోడళ్ళలో కళైవాణి అదే మాట రోస్నాకు మలయ్‌లో చెప్పింది. రోస్నా ఏడుపు ఆపి పగలబడి నవ్వింది. అండాలో సగం పులుసు వేరే గిన్నెలోకి తీసి, నీళ్ళూ, ఉడికించిన పప్పూ, ఇంకొన్ని ముక్కలూ వేసి, ఈసారి నిజంగా కారం వేసి మరగబెట్టారు. అప్పుడు అందరికీ దగ్గొచ్చింది. సిమెంటు చేతులతో వచ్చినవాళ్ళు విషయం విని, "గారం పులుసు ఇంకొంచెం," అని అడిగి మరీ పోయించుకున్నారు. వారం తిరిగేసరికి బజారులో చేపలమ్మేవాడు కూడా "ఈ రోజు గారం పులుసు ఉందా?" అని అడుగుతున్నాడు. ఇన్నేళ్ళూ ఉప్పూ కారం ఒక్కసారీ తప్పకుండా నేను వండిన పులుసుకు పేరు లేదు. ఆవిడ చెడగొట్టిన పులుసుకు పేరొచ్చింది.

కానీ అందరూ నవ్వడంలో పడి ఒక సంగతి అడగడం మరిచిపోయారు. కారం పడలేదని అచ్చమ్మకు ఎందుకు తెలియలేదు?

నేను మరచిపోలేదు. ఆ పులుసు మర్నాడు మధ్యాహ్నమే బజారుకు వెళ్ళి బెలచాన్ కొన్నాను. రొయ్యలను ఎండబెట్టి దంచి చేసే ముద్ద అది, మలయ్ వంటల్లో వేస్తారు. దాని కంపు వీధి అవతలికి కొడుతుంది. అచ్చమ్మకు అదంటే చచ్చేంత అసహ్యం. ఎవరింట్లోనైనా వేయిస్తుంటే ముక్కు మూసుకుని రోడ్డు దాటేది. ఆ పొట్లం విప్పి, నా చేతిసంచిలో మూతి తెరిచి పెట్టుకుని, హాలుకు వెళ్ళాను. అచ్చమ్మ వెనక మెట్ల మీద ఒక్కతే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. సంచిని మా ఇద్దరి మధ్యా పెట్టి కూర్చున్నాను. నేనే నోటితో ఊపిరి తీసుకుంటున్నాను.

"రా వొదినా. ఎండ మండిపోతన్నాది," అంది ఆవిడ, ఈనెలు తీస్తూనే.

"ఏటో వాసనగా లేదూ?" అన్నాను.

"ఆ, ఉన్నాది. మల్లెపూలు గదా ఎట్టుకున్నావు."

నా తలలో పూలు లేవు. ఆవిడ చెయ్యి ఆగింది. తల తిప్పి నా కొప్పు చూసింది, తర్వాత కిందికి చూసి సంచి చూసింది, అందులో విప్పిన పొట్లం చూసింది. చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టి నవ్వింది.

"నీ అంత సెడ్డది ఈ ఊళ్ళో నేదే వొదినా."

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"మీనాచ్చిని తెచ్చినానా, ఆ దినం నుంచి. క్లినిక్‌లో డాక్టరమ్మ సూసింది. పొగ లోపలంతా కాల్చేసిందంట. వొస్తే వొస్తాది, రాకపోతే నేదు అంది. కాలిపోయిన నా ఇంటి వాసన కూడా నాకు తెలీదు, తెలుసా? అందరూ ముక్కులు మూసుకుని బూడిద తీస్తన్నారు, నాను ఊరికే నిలబడినాను."

"మరి ఇన్నాళ్ళూ మూత తీసి పీలుస్తున్నదేటి?"

"జనం సూస్తన్నారు గదా. ఆపితే అడుగుతారు."

నాకు లోపల ఏదో తేలికైంది. సంతోషమే అది, ఇంకో పేరు పెట్టను. ఇంతకాలం హారతి చూసినట్టు చూసిన కోడళ్ళు, తాతబాబు, కమిటీ, అందరి ముఖాలూ ఒకేసారి నా కళ్ళ ముందుకు వచ్చాయి. ఒక్క మాట చెబితే చాలు, పరవాన్నం మళ్ళీ నాది. అబద్ధం చెప్పనక్కర్లేదు కూడా.

"పాలు అడుగంటితే నీకు తెలుస్తాదేటి?" అన్నాను. "నైవేద్యం నాకి సూడకూడదు. కళ్ళకు కనబడేసరికి మాడిపోతాది. ఇల్లు కాలినోల నోట్లో మాడిన పరవాన్నం పెడతావేటి? శకునం సూడరా ఎవులూ? ఎళ్ళి తాతబాబుకు సెప్పు. నువ్వు సెప్పకపోతే నాను సెప్తాను."

అచ్చమ్మ కాలిన వరస వైపు చూసింది. అక్కడ కొత్త రేకులు ఎండకు మెరుస్తున్నాయి.

"మొక్కుకున్నాను వొదినా," అంది నెమ్మదిగా. "మీనాచ్చి వీపు మీదున్నాది, ముందేటీ కనబళ్ళేదు. అమ్మోరా, బయటికి తియ్యి, మా వరస మళ్ళీ నిలబడితే నా సేత్తో నీకు పరవాన్నం వొండుతాను అన్నాను. తీసింది. వరస నిలబడింది. ఇప్పుడు నాను సేయకపోతే? కమిటీని నానే అడిగినాను. నీ గరిట లాక్కోవాలని గాదు."

"అది నాకు ముందే సెప్పొచ్చు గదా."

"నువ్వడిగినావేటి? ఉల్లిపాయలు తరుక్కుంటా మూతి ముడుసుకుని కూకున్నావు."

లేచి సంచి తీసుకున్నాను. ఇంకో కోడలి సాయం తీసుకో, నీకు దణ్ణాలు పెట్టే వాళ్ళు ఊరినిండా ఉన్నారు గదా అన్నాను.

"ఆలకి సెప్తే జాలిపడతారు," అంది. "పాపం అచ్చమ్మక్క అని ఊరంతా సెప్తారు. మాడినా మాడలేదంటారు నా మనసు కోసం. నువ్వు జాలిపడవు. మాడితే మాడిందంటావు."

ఇంత మంచిమాట ఆవిడ నా గురించి ఎన్నడూ అనలేదు. అదైనా నలుగురిలో అనలేదు, ఎవరూ లేని వెనక మెట్ల మీద అంది. నేను వెళ్ళిపోవడానికి ఒక మెట్టు దిగాను. ఆవిడ నా కొంగు పట్టుకుంది.

"ఆ దినం నువ్వు నా ఎనకాతల నిలబడు వొదినా. పాలు సిక్కబడగానే నా కొంగు ఒకసారి లాగు, బెల్లం వేస్తాను. అడుగంటే వాసన నీ ముక్కుకి తగిలీ తగలగానే గట్టిగా లాగు, దించేస్తాను. నోరు మాత్రం తెరవకు. ఎవులికీ తెలీకూడదు. సెయ్యి నాది, ముక్కు నీది. పేరు మటుకు నాదే ఉండాల, లా."